నాన్న ఫ్రీమేసన్ లాడ్జిలో చేరతానంటున్నారు, అమ్మకు టెన్షన్

కొర్లగుంట అమ్మాయి (తిరుపతి):
మా నాన్న కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. పొద్దున కపిలతీర్థం వైపు వాకింగ్, సాయంత్రం అదే పేపరు రెండోసారి చదవడం. వాకింగ్‌లో పరిచయమైన ఒక డాక్టరుగారి వెంట కళ్ళ క్యాంపుకు వెళ్ళొచ్చారు. ఆ క్యాంపు ఫ్రీమేసన్లదట. అదేదో మగవాళ్ళ పాత సంఘం, అందులో ఒక్కో గుంపును లాడ్జి అంటారట. అప్పటినుంచి తానూ చేరతానని పట్టు. అమ్మేమో యూట్యూబులో పుర్రెలు, రక్తం, ప్రపంచాన్ని ఏలే ముఠా అని వీడియోలు చూసి కూర్చుంది. "ఈ వయసులో ప్రమాణాలేంటి, ఏడుకొండలవాడు చాల్లేదా" అని రోజూ రగడ. మతం మారాలా? తాగుడు ఉంటుందా? డబ్బులు ఎంత గుంజుతారు? లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. గూగుల్ నేనూ చేయగలను.

గాంధీ రోడ్డు:
దాచిపెడుతున్నారంటేనే ఏదో ఉన్నట్టు కదా. సేవే కావాలంటే శ్రీవారి సేవకు పేరు ఇమ్మనండి. పుణ్యం, పురుషార్థం రెండూ.

పాత క్యాషియర్ (చిత్తూరు):
అమ్మాయీ, నేను బ్యాంకు ఉద్యోగం మీద మద్రాసులో ఉన్నప్పుడు చేరాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మతం మారే పనే లేదు. దేవుణ్ణి నమ్మనివాళ్ళను మాత్రం చేర్చుకోరు. ఏ దేవుడన్నది వాళ్ళకు అక్కర్లేదు. మన దేశపు లాడ్జిల్లో పీఠం మీద గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే ఉంటాయి, ఎవరి గ్రంథం మీద వాళ్ళు ప్రమాణం చేస్తారు. మీ నాన్నగారు గీత మీద చెయ్యి పెడతారు, అంతే. లోపల మతం గురించీ రాజకీయం గురించీ వాదించకూడదు. ఎలక్షన్ల టైములో మన జిల్లాలో పార్టీ మాటెత్తకుండా రెండు గంటలు గడిచే చోటు ఇంకోటి ఉంటే చూపించండి.

రహస్యం అంటారా, ఒకరినొకరు గుర్తుపట్టే సంకేతాలు కొన్ని ఉన్నాయి, అవి చెప్పను. మిగతా తంతంతా పాతకాలపు రాతి మేస్త్రీల పనిముట్ల చుట్టూ అల్లిందే. మూలమట్టం, కంపాసు, చెక్కని రాయి, చెక్కిన రాయి, నడుముకు తెల్ల గొర్రెతోలు ఏప్రాన్. సభ్యత్వంలో మూడు మెట్లు. మొదటి మెట్టులో ఒక ఘట్టం ఉంది, నన్ను కదిలించింది అదే. మీ నాన్నగారి కోసం దాన్ని దాచి ఉంచుతాను.

తలుపు బయట కత్తి పట్టుకుని ఒకాయన కాపలా ఉంటాడు. మా లాడ్జిలో చాలాకాలం ఆ పని ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారిది. మే నెల, నల్లకోటు, టై, చేతులకు తెల్ల గ్లవ్స్, వరండాలో ఫ్యాను లేదు. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో పెళ్ళి శుభలేఖ అట్ట, దాంతో విసురుకుంటూ నిలబడేవాడు. ప్రపంచాన్ని ఏలే ముఠాకు సెక్యూరిటీ అది.

అసలు కష్టం బట్టీ. తంతులో మాటలన్నీ పాతకాలపు ఇంగ్లీషు, కాగితం చూడకుండా చెప్పాలి. పదవులు ఏటా మారతాయి, మాస్టరుగా, అంటే లాడ్జికి పెద్దగా, ఉండేది మామూలుగా ఒక్క ఏడాదే. నా వంతు వచ్చినప్పుడు తెల్లవారుజామున మేడ మీద తిరుగుతూ గొణుక్కుంటుంటే మా ఆవిడ నాకు నరాల జబ్బేమో అని భయపడింది.

సేవ సంగతి. మీటింగులో ఒక సంచి తిరుగుతుంది. ఎవరెంత వేశారో పక్కవాడికి కనపడదు. మా డబ్బు మేమే వేసుకుంటాం, బయట రశీదు పుస్తకాలు పట్టుకుని తిరగం. మొన్న పుంగనూరు వైపు ఒక పల్లెలో దగ్గరచూపు జోళ్ళు పంచాం. పవర్ ప్రకారం అట్టపెట్టెల్లో సర్ది పెట్టుకున్నాం. జోడు పెట్టి, సూదీ దారం ఇచ్చి ఎక్కించమంటే సరి, అదే పరీక్ష. ఒక అవ్వ ఒక్కసారికే ఎక్కించేసి, జోడు తీసి చూసి, "ఈ నల్లది నాకొద్దు నాయనా, ఎర్రది ఇయ్యి" అంది. ప్లస్ రెండున్నరలో ఎర్రది కోసం మా మాస్టరుగారు నేలమీద చతికిలబడి పెట్టెలన్నీ తిరగేశారు. ఆయన ఊళ్ళో పెద్ద లాయరు.

విందులో మందు కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. నేను నిమ్మరసంతోనే గ్లాసెత్తుతాను, ఎవరూ ఏమీ అనలేదు.

ఇది మనకు కొత్తదీ కాదు. మద్రాసులో 1752 నాటికే లాడ్జి ఉంది. ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమ్రా 1770ల్లోనే తిరుచిరాపల్లిలో చేరాడు. మన చిత్తూరు కూడా 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే కదా. దేశంలో మా లాడ్జిల పైన ఉండే సంస్థ గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది 1961 నవంబరు 24న, ఢిల్లీలో.

ఒక్క మాట. కాంట్రాక్టులు, పరిచయాలు దొరుకుతాయని వచ్చినవాళ్ళు ఏడాదికే విసిగి మానేస్తారు. చూశాను.

మదనపల్లె సుధ:
అన్నీ బాగున్నాయి సార్, ఆడవాళ్ళనెందుకు చేర్చుకోరో అది చెప్పలేదే. అనీబిసెంటు 1902లోనే ఆడామగా కలిసి ఉండే శాఖలో చేరారు, మన దేశానికీ తెచ్చారు. 1915లో మా ఊళ్ళో కాలేజీ పెట్టింది ఆవిడే. ఆవిడకు పనికొచ్చిన పని మాకు పనికిరాదా?

పాత క్యాషియర్:
సుధగారూ, మీరన్న శాఖను మావాళ్ళు గుర్తించరు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత నియమం అంటారు. నాకైతే అది సమాధానంలా అనిపించదు. మా ఇంట్లో ఇద్దరూ ఆడపిల్లలే, నన్ను ఇదే అడిగి అడిగి వదిలేశారు.

కొర్లగుంట అమ్మాయి:
థాంక్స్ సార్. నాన్నకు చదివి వినిపించా. బట్టీ దగ్గర మొహం కాస్త మారింది. అమ్మ మాత్రం "ఆ జోళ్ళ క్యాంపుకు నేనూ రావచ్చా" అంటోంది! డబ్బు సంగతి ఒక్కటి చెప్పరూ.

పాత క్యాషియర్:
క్యాంపుకు సభ్యత్వం అక్కర్లేదు, అమ్మగారిని తీసుకురండి. చేరే ఫీజు, ఏటా చందా, ఏప్రాన్ ఖర్చు లాడ్జిని బట్టి మారుతుంది. సెక్రటరీని కాగితం మీద రాసిమ్మనండి. ఇంటిని ఇబ్బంది పెట్టి దానం చేయొద్దన్నది కూడా మా నియమమే. చేర్చుకునేముందు చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి మాట్లాడతారు. అమ్మగారు అప్పుడు యూట్యూబు ప్రశ్నలన్నీ నేరుగా అడిగేయొచ్చు, కాఫీ ఇచ్చాకే అడగమనండి. ఆ తర్వాత తెల్ల గోలీలు, నల్ల గోలీలతో రహస్య ఓటింగు. అది తేలేదాకా నల్లకోటు కుట్టించకండి.