క్రాన్‌లో తీసే డేటాబేస్ బ్యాకప్‌లన్నీ 20 బైట్లే వస్తున్నాయి, పాత మంచి ఫైళ్లేమో డిలీట్ అయిపోతున్నాయి

గుంటూరుసర్వర్:

నమస్తే అందరికీ. ఒక మందుల హోల్‌సేల్ షాపు సర్వర్ చూసే పని ఈ మధ్యే నాకు వచ్చింది. అల్మాలైనక్స్ 9, మైఎస్‌క్యూఎల్ 8.0, బిల్లింగ్ డేటాబేస్ ఒక్కటే. ముందు చూసినాయన రాసిన షెల్ స్క్రిప్ట్ రోజూ రాత్రి 2 గంటలకు రూట్ (అడ్మిన్ యూజర్) క్రాన్‌లో, అంటే పెట్టిన టైమ్‌కి పనులు నడిపే షెడ్యూలర్‌లో, నడుస్తుంది. డేటాబేస్ కాపీ (డంప్) తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ నుంచి వచ్చేదాన్ని పైప్‌లో, కంప్రెస్ చేసే జీజిప్‌కి ఇచ్చి తేదీ పేరుతో ఫైలు పెడుతుంది, దాని కింది లైనులోనే ఫైండ్ కమాండ్ ఎంటైమ్ (ఫైలు వయసు రోజుల్లో) ప్లస్ 7 అని పెట్టి పాతవి డిలీట్ చేస్తుంది. పోయిన వారం అన్నిటినీ పాత మెషీన్ నుంచి కొత్తదానికి మార్చాం, స్క్రిప్ట్ ఉన్నది ఉన్నట్టు తెచ్చాం.

ఇవాళ డిస్క్ ఎంత మిగిలిందో చూద్దామని బ్యాకప్ ఫోల్డర్ తెరిస్తే టెన్షన్ మొదలైంది. రోజుకో ఫైలు ఉంది, పేర్లు సరిగ్గానే ఉన్నాయి, కానీ మెషీన్ మార్చినప్పటి నుంచి వచ్చినవన్నీ 20 బైట్లే. పాత మెషీన్‌లో తీసిన పెద్ద ఫైలు ఒక్కటి మిగిలింది, దానికంటే ముందువి రోజుకొకటి చొప్పున పోయాయి. క్రాన్ లాగ్‌లో రోజూ నడిచినట్టే ఉంది, ఎర్రర్ ఎక్కడా కనిపించట్లేదు. అదే డంప్ లైను నా లాగిన్‌లో చేత్తో కొట్టి నా హోమ్ ఫోల్డర్‌లోకి తీస్తే మాత్రం పూర్తి ఫైలు వస్తోంది.

చేత్తో వచ్చేది క్రాన్‌లో ఎందుకు రావట్లేదు? ఆ మిగిలిన ఫైలుకి కూడా 7 రోజులు దాటాయి, మరి అదెందుకు పోలేదు? ఇంకొకటి, 2 గంటల జాబ్ అంటున్నారు కానీ ఫైళ్ల మీద టైమ్ నా ల్యాప్‌టాప్‌లో చూస్తే పొద్దున 7:30 చూపిస్తోంది.

రాత్రిషిఫ్ట్:

మిగతావన్నీ తర్వాత, ముందు ఆ ఫైండ్ లైను మొదట్లో హ్యాష్ పెట్టి ఆపేయండి. ఫైండ్ ఫైలు వయసుని 24 గంటల లెక్కన పూర్తి రోజుల్లోనే కొలుస్తుంది, పైన మిగిలిన గంటలు వదిలేస్తుంది. 7 రోజుల 20 గంటలైనా దానికి 7 రోజులే. ప్లస్ 7 అంటే 7 కంటే ఎక్కువ, అంటే 8 పూర్తి రోజులు నిండాలి. అందుకే మీ ఫైలు ఇంకా బతికి ఉంది, ఈసారి జాబ్ నడిస్తే అదీ పోవచ్చు.

ఆ పాత ఫైలునీ, ఇవాళ చేత్తో తీసిన డంప్‌నీ వేరే మెషీన్‌లోకి కాపీ చేయండి. అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లో పెడితే డిస్క్ పోయిన రోజు రెండూ పోతాయి.

20 బైట్లు అంటే పైప్‌లో ఏమీ రాకపోతే జీజిప్ రాసే ఖాళీ ఫైలు సైజు అది. కాబట్టి జీజిప్ తప్పేమీ లేదు, డంప్ నుంచి ఒక్క అక్షరం కూడా రావట్లేదు. క్రాన్‌టాబ్ లైనులో తేదీ కోసం పర్సెంట్ గుర్తు వాడారా? క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది, ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. చాలామందికి చేత్తో వచ్చి క్రాన్‌లో రాకపోవడానికి కారణం అదే.

టైమ్ సంగతి: సర్వర్ యూటీసీలో ఉంది, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రామాణిక టైమ్‌లో. దాని రాత్రి 2 మనకి పొద్దున 7:30.

గుంటూరుసర్వర్:

ఆపేశాను, కాపీలు కూడా బయటికి తీశాను, చాలా థ్యాంక్స్ అన్నా. పర్సెంట్ స్క్రిప్ట్ లోపల ఉంది, క్రాన్‌టాబ్‌లో స్క్రిప్ట్ పేరు తప్ప ఏమీ లేదు.

టెర్మినల్‌మిత్ర:

అయితే పర్సెంట్ కాదు. ఆ గొడవ క్రాన్‌టాబ్ లైనుకే, స్క్రిప్ట్ లోపల ఎన్ని ఉన్నా ఫర్వాలేదు.

డంప్ లైనులో ఎర్రర్లని డెవ్ నల్‌కి (పంపినదంతా మాయమయ్యే చోటు) పంపేస్తున్నారేమో చూడండి, పాత స్క్రిప్టుల్లో ఇది మామూలు. అది తీసేసి ఒక లాగ్ ఫైలుకి మళ్లించి, క్రాన్‌లో ఐదు నిమిషాల తర్వాత టైమ్ పెట్టి ఒకసారి నడవనివ్వండి. చేత్తో నడిపి చూడొద్దు, ఎందుకంటే మీ లాగిన్‌లో ఉన్న పాత్, హోమ్ ఫోల్డర్ క్రాన్‌కి ఉండవు, అసలు తేడా అక్కడే ఉంది. నా అనుమానం పాస్‌వర్డ్ మీద. మీ హోమ్‌లో డాట్ మై డాట్ సీఎన్‌ఎఫ్ ఫైలు (మైఎస్‌క్యూఎల్ పాస్‌వర్డ్ లాంటివి దాచే సెట్టింగ్స్ ఫైలు) ఉందా?

గుంటూరుసర్వర్:

మీరన్నట్టే ఎర్రర్లు డెవ్ నల్‌కి పోతున్నాయి. లాగ్‌కి మళ్లించాక వచ్చింది: యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్ రూట్ ఎట్ లోకల్‌హోస్ట్, యూజింగ్ పాస్‌వర్డ్ నో. మీరు అడిగిన ఫైలు నా హోమ్‌లో ఉంది, రూట్ హోమ్‌లో లేదు. పాత మెషీన్‌లో రూట్ హోమ్‌లో ఉండేదట.

టెర్మినల్‌మిత్ర:

దొరికింది. రూట్ క్రాన్ రూట్ హోమ్‌లోనే వెతుకుతుంది, అక్కడ ఏమీ లేకపోతే పాస్‌వర్డ్ లేకుండా ప్రయత్నించి వెనక్కి వస్తుంది. ఇకపై ఏ హోమ్ మీదా ఆధారపడకుండా బ్యాకప్‌కి మాత్రమే ఒక డేటాబేస్ యూజర్‌ని పెట్టి, పాస్‌వర్డ్ ఉన్న ఫైలుని 600 పర్మిషన్‌తో (ఓనర్ తప్ప ఎవరూ చదవలేకుండా) ఒక చోట ఉంచి, డంప్ కమాండ్‌లో డిఫాల్ట్స్ ఎక్స్‌ట్రా ఫైల్ ఆప్షన్‌తో దాని పూర్తి దారి ఇవ్వండి. ఆ ఆప్షన్ మిగతావాటన్నిటికంటే ముందు రాయాలి, లేకపోతే తీసుకోదు. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ రకం) టేబుళ్లే కాబట్టి సింగిల్ ట్రాన్సాక్షన్ కూడా పెట్టండి, డంప్ నడుస్తున్నంతసేపు బిల్లింగ్ ఆగదు.

కానీ పాస్‌వర్డ్ సరిచేసి వదిలేయకండి, రేపు ఇంకో కారణంతో ఇదే జరుగుతుంది. ఈ స్క్రిప్ట్‌లో అసలు ప్రమాదం, కొత్త బ్యాకప్ వచ్చిందో లేదో చూడకుండా పాతవి తీసేయడం. పైప్ ఉన్నప్పుడు షెల్ చివరి కమాండ్ ఫలితమే చూస్తుంది. డంప్ ఫెయిలైనా జీజిప్ తన పని చేసింది కాబట్టి మొత్తం లైను సక్సెస్ అనే లెక్క. స్క్రిప్ట్ పైన సెట్ కమాండ్‌తో పైప్‌ఫెయిల్ ఆన్ చేస్తే డంప్ ఫెయిలైన సంగతి బయటికి వస్తుంది. అయినా ఖాళీ ఫైలు మాత్రం తయారవుతుంది, అందుకని ముందు టెంప్ పేరుతో రాయించి, బాగుందని తేలాకే అసలు పేరుకి మార్చండి.

బాగుందని ఎలా తేల్చాలి అంటే, చాలామంది జీజిప్ టెస్ట్ ఆప్షన్ వాడి సంతృప్తి పడతారు. మీ 20 బైట్ల ఫైళ్లని దాంతో పరీక్షించండి, అన్నీ పాసవుతాయి, ఎందుకంటే ఖాళీ అయినా అది సరైన జీజిప్ ఫైలే. దానికి బదులు ఫైలు విప్పి చివరి లైను చూడాలి. కామెంట్లు ఆపేయకపోతే, పూర్తిగా వచ్చిన డంప్ చివర డంప్ కంప్లీటెడ్ అనే లైను ఉంటుంది, మధ్యలో తెగితే ఉండదు. ఆ లైను ఉంటేనే పేరు మార్చడం, పేరు మారితేనే క్లీనప్. దీంట్లో ఏ ఒక్కటి తప్పినా స్క్రిప్ట్ అక్కడే ఆగి మీకు మెయిల్ పంపాలి.

క్లీనప్‌ని రోజుల లెక్క మీద ఒక్కదాని మీదే వదలొద్దు, ఎంత పాతవైనా సరే చివరి ఏడు మంచి ఫైళ్లు ఎప్పుడూ ఉండేలా రాయండి. ఫైండ్‌లో డిలీట్ అనే మాట ఎప్పుడూ చివరే. అది ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, నేమ్ షరతు కంటే డిలీట్ ముందు పడితే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఊడ్చేస్తుంది. మొదట డిలీట్ బదులు ప్రింట్ పెట్టి ఏవేవి వస్తున్నాయో చూసుకోండి.

కృష్ణాతీరం:

మెయిల్ అన్నారు కాబట్టి ఒక మాట. 2017 జనవరి 31న కోడ్ హోస్టింగ్ సంస్థ గిట్‌ల్యాబ్‌లో ప్రొడక్షన్ డేటాబేస్ ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయింది. బ్యాకప్ కోసం చూస్తే ఎస్3 బకెట్ (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్) ఖాళీ. వాళ్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ జాబ్ నడుపుతున్న పీజీడంప్ (పోస్ట్‌గ్రెస్ డంప్ టూల్) 9.2, వెర్షన్లు కలవలేదు కాబట్టి అది ఎర్రర్‌తో ఆగిపోతూ ఉండేది. ఫెయిలైందని మెయిళ్లు వెళ్లాయి కూడా, కానీ డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని తేల్చే ఏర్పాటు) సరిగ్గా లేక అవతలి సర్వర్ వాటిని తిప్పికొట్టింది. చివరికి సుమారు 6 గంటల ముందు తీసిన ఎల్‌వీఎమ్ స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణంలో ఉన్నట్టు తీసిన నకలు) వాళ్లని కాపాడింది. అందుకే ఫెయిలైతే మెయిల్ అనేదాన్ని నేను నమ్మను. వేరే మెషీన్ నుంచి రోజూ పొద్దున ఫోల్డర్ చూసి, 26 గంటల్లోపు వచ్చిన ఫైలు లేకపోయినా, నిన్నటి సైజులో సగం కూడా లేకపోయినా అరిచే చిన్న చెక్ పెట్టండి. సర్వర్ మొత్తం పడిపోయినా అది అరుస్తుంది.

నెలకోసారి ఖాళీ మైఎస్‌క్యూఎల్‌లోకి రీస్టోర్ చేసి, ఆఖరి బిల్లు నంబర్ షాపువాళ్ల రికార్డుతో సరిపోయిందో లేదో చూడండి. చివరి లైను సరిగ్గా ఉన్న ఫైలులో కూడా కావాల్సిన టేబుల్ లేకపోవచ్చు.

గుంటూరుసర్వర్:

అన్నీ పెట్టాను. ఇవాళ జాబ్ పూర్తి ఫైలు తీసింది, వేరే మెషీన్‌లో రీస్టోర్ చేస్తే నిన్న సాయంత్రం చివరి బిల్లు వరకు వచ్చింది. టైమ్‌ని యూటీసీ 20:30కి మార్చాను, మనకి రాత్రి 2 అవుతుంది. ఒక్క డౌట్: డేటా ఫోల్డర్‌లో బిన్‌లాగ్ ఫైళ్లు (డేటాబేస్‌లో జరిగిన మార్పులు రాసే లాగులు) చాలా చోటు తింటున్నాయి, వాటిని కూడా ఈ ఫైండ్‌కే అప్పగించొచ్చా?

రాత్రిషిఫ్ట్:

వద్దు, వాటిని ఫైండ్‌తో ముట్టుకోవద్దు. మైఎస్‌క్యూఎల్ వాటి పేర్లని ఒక ఇండెక్స్ ఫైలులో రాసుకుంటుంది, బయట నుంచి తీసేస్తే ఆ రెండింటికీ పొంతన పోతుంది. 8.0లో బిన్‌లాగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, 2592000 సెకన్లు, అంటే 30 రోజులు, ఉంచుతుంది. తగ్గించాలంటే మైఎస్‌క్యూఎల్‌లో ఆ గడువు సెట్టింగే మార్చండి, వెంటనే చోటు కావాలంటే పర్జ్ బైనరీ లాగ్స్ కమాండ్ వాడండి. మరీ తగ్గించకండి. రాత్రి డంప్ తర్వాత మధ్యాహ్నం ఎవరైనా టేబుల్ చెరిపేస్తే, అప్పటిదాకా పడిన బిల్లులు తిరిగి రావాలంటే ఆ లాగులే దిక్కు. డంప్‌లో సోర్స్ డేటా 2 ఆప్షన్ కూడా పెట్టుకుంటే ఏ లాగ్‌లో ఏ చోటు నుంచి మొదలుపెట్టాలో ఫైలు పైభాగంలోనే కామెంట్‌గా రాసి ఉంటుంది.