రెజ్యూమె ప్రయోగంలో దళిత అభ్యర్థిని ఎలా సూచించాలి?

హైదరాబాద్ ప్రైవేటు ఉద్యోగాల్లో కుల వివక్షను కొలవడానికి అర్హతలు ఒకటే ఉండి, పేరు మాత్రమే మారే జంట రెజ్యూమెలు తయారుచేస్తున్నాం; వాటిని కంపెనీలకు పంపి ఎవరికి పిలుపు వస్తుందో చూస్తాం. ఇదే పద్ధతిలో పరిశోధకులు థొరాట్, అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనానికి ఇంటిపేర్లే ఆధారం. మాకు చిక్కంతా అక్కడే. రెడ్డి, శర్మ, చౌదరి అనగానే ఎవరైనా పోల్చుకుంటారు. దళిత అభ్యర్థి పేరేమో ‘కె. రాజేశ్’ దగ్గర ఆగిపోతుంది. ఇంటిపేరు పూర్తిగా రాసి చూపించినా హెచ్‌ఆర్‌ వాళ్లు గుర్తుపట్టలేదు. ఏసురత్నం లాంటి పేరు పెడితే కులానికి బదులు మతాన్ని కొలిచినట్టవుతుంది. ఎస్సీ స్కాలర్‌షిప్ అని రాస్తే పేదరికం, అంబేడ్కర్ విద్యార్థి సంఘం అని రాస్తే రాజకీయం వచ్చి కలుస్తాయి. పైగా ఆ పంక్తికి దీటైనది రెండో రెజ్యూమెలో ఏం పెట్టాలో తేలడం లేదు. మతం, పేదరికం, రాజకీయం కలవకుండా దళిత గుర్తింపు తెలిపేలా రెజ్యూమెలో ఏ వివరం పెట్టొచ్చు?