పర్లాకిమిడిలో కొత్త ఇల్లు: ధర 34 లక్షలు, వాల్యుయేషన్ 27.42 లక్షలు. ఎక్కడ తేడా?

మహేంద్రతనయ ఒడ్డు:
ఒడిశా పర్లాకిమిడి టౌన్లో కొత్తగా కట్టిన ఇల్లు. పట్టాలో 4 డిసిమల్లు, కిసం (భూమి రకం) ఘరబారి, అంటే ఇంటి స్థలం. కింద 950 చదరపు అడుగులు, మేడ మీద 300 చదరపు అడుగుల గది. ధర 34 లక్షలు, 30 లక్షల లోన్ అడిగాం. బ్యాంకు వాల్యుయర్ రిపోర్టులో స్థలం 1,610 × 700 (చదరపు అడుగులు × రూపాయల రేటు), ఇల్లు 950 × 1,700, మొత్తం 27.42 లక్షలు వేశారు. బ్యాంకు 24.67 లక్షల వరకే ఇస్తానంటోంది. వేరే బ్యాంకుకి వెళ్తే పెరుగుతుందా? కట్టినాయన పదేళ్ల గ్యారంటీ అంటున్నాడు, దానికేమైనా విలువుందా?

టేపూ గొలుసూ:
మీ జవాబు ఆ రిపోర్టులోనే ఉందండీ. డిసిమల్ 435.6 చదరపు అడుగులు, అంటే 4 డిసిమల్లు 1,742. నేల మీద దొరికింది 1,610. పట్టాకీ నేలకీ తేడా వస్తే తక్కువదే రాస్తారు. అక్కడ 132 చదరపు అడుగులు, 92 వేలు పోయాయి. మేడగది మంజూరైన ప్లానులో ఉండి ఉండదు, అందుకే సున్నా. అదే రేటు వేస్తే 5.10 లక్షలు. రెండూ కలిపి 6.02. మొత్తం తేడా 6.58 కదా, ఇక వాల్యుయర్ రేటు దగ్గర కోసింది 56 వేలే. పాపం, ఆయన్ని తిట్టుకోకండి.

బ్యాంకు మారినా ఇంకో వాల్యుయర్ అదే టేపు పడతాడు. ముందు స్థలం సంగతి తేల్చండి. కొలత 35 × 46 అనుకుంటే, పొడవునా దాదాపు 2 అడుగుల 10 అంగుళాల పట్టీ కనిపించడం లేదు. పక్కవాళ్ల కాలవ ఇటు జరిగిందో, ప్రహరీ లోపలికి కట్టారో. తహసీల్లో హద్దుల కొలతకి, అంటే డిమార్కేషన్‌కి అర్జీ పెట్టించండి. అమీన్ (కొలిచే సర్వే ఉద్యోగి) వచ్చినప్పుడు పక్కింటివాళ్లు ఉండాలి, కొలత సర్వే రాయి నుంచి మొదలవాలి. పక్కింటి గోడ నుంచి కొలిస్తే ఆ గోడ తప్పే మీ తప్పవుతుంది. పట్టీ దొరక్కపోతే 1,610కే ధర మాట్లాడండి.

మహేంద్రతనయ ఒడ్డు:
ఆ వీధిలో ఈమధ్య అమ్మిన ఇళ్ల దస్తావేజులు చూపించి రీవాల్యుయేషన్ అడగొచ్చా?

బరంపురం లోన్ డెస్క్:
అడగొచ్చు, కానీ బెడిసికొట్టొచ్చు. చాలామంది దస్తావేజులో సర్కారు పెట్టిన కనీస ధర, అంటే బెంచ్‌మార్క్ విలువే రాయించి మిగతాది చేతికిస్తారు. అవి చూపిస్తే రేటు ఇంకా దిగుతుంది.

మేడగదికి మున్సిపాలిటీలో సవరించిన ప్లాను మంజూరైతే ఆ కాగితంతో మళ్లీ వాల్యుయేషన్ చేయించండి. గది, చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ మీదకొచ్చి ఉంటే మాత్రం ఆ దారి మూసుకున్నట్టే. ఆర్బీఐ పరిమితి 30 లక్షల వరకు లోన్‌కి విలువలో 90 శాతం, 75 లక్షల వరకు 80, ఆపైన 75. పది లక్షలు దాటిన ఇంటికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. అవి మీ జేబులోంచే.

స్థలం ఇదివరకు ఎస్సీ, ఎస్టీల పేరున ఉండి ఇతరులకు అమ్ముడుపోయి ఉంటే, ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 22 కింద అనుమతి ఉందో లేదో లాయరు చూడాలి. లేకపోతే ఆ అమ్మకమే చెల్లదు.

గజపతి సైటు ఇంజనీరు:
గ్యారంటీ గురించి. రెరా (ఇళ్లు కొనేవాళ్ల రక్షణకున్న చట్టం) సెక్షన్ 14 ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్లలో కట్టుబడిలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో ప్రమోటరు (కట్టి అమ్మినాయన) ఉచితంగా సరిచేయాలి. కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతే ప్రాజెక్టు రిజిస్ట్రేషనే అక్కర్లేదు, మీది 162. కాబట్టి రెరానే నమ్ముకోకుండా, ఆ పదేళ్ల మాట అగ్రిమెంటులో ఎక్కాలి: స్లాబు కారడం, గోడల పగుళ్లు, బాత్‌రూం లీకు, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, చేయకపోతే ఎంత కట్టాలి. నోటిమాట గాలికిపోతుంది. బ్యాంకువాళ్లు అంటగట్టే ఇంటి ఇన్సూరెన్సూ గ్యారంటీ కాదు. నిప్పుకీ తుపానుకీ పనికొస్తుంది, చెత్త పనితనానికి కాదు.

వాల్యుయర్ చూసేది బ్యాంకు బాకీ వసూలవుతుందా అని, మీ స్లాబు కారుతుందా అని కాదు. సొంతంగా ఒక ఇంజనీరుని పెట్టుకోండి. స్లాబు మీద గొట్టాలు మూసి అంగుళం నీళ్లు 24 గంటలు నిలబెట్టాలి. ఆ తర్వాత కింద గదిలో సీలింగుని అరచేత్తో తడమండి, కంటికి కనిపించని చెమ్మ చేతికి తెలుస్తుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు కనిపిస్తే పునాది గురించి గట్టిగా అడగండి. పైపూతలో వెంట్రుకంత గీతలకు బెంగ అక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అప్పుడు ఆ వీధిలో నీళ్లెంత ఎత్తున నిలిచాయో పక్కింటివాళ్లని అడిగి ఇంటి ప్లింతుతో (పునాది పైన నేల ఎత్తుతో) పోల్చండి.

రిపేర్లన్నీ రిజిస్ట్రేషన్‌కి ముందే చేయించండి. బ్యాంకు చెక్కు చేతికందాక కట్టినాయన ఫోనెత్తడు.