అప్‌డేట్: పోపు పెడితే స్మోక్ అలారం, రూమ్మేట్‌తో పేచీ (పరిష్కారమైంది)

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. అమెరికాలో షేరింగ్ అపార్ట్‌మెంట్, పోపు వేయగానే అలారం మోగుతోంది, కొత్తగా వచ్చిన అమెరికన్ రూమ్మేట్‌కు వాసన పడట్లేదు, ఏం చేయాలని అడిగాను.

మెయింటెనెన్స్ అతను చూస్తే రెండు తేలాయి. స్టవ్ మీద పొగను లాగే హుడ్‌కు బయటికి గొట్టం లేదు. గాలిని ఫిల్టర్ చేసి మళ్లీ గదిలోకే వదిలే రకం. లోపలి చార్‌కోల్ ఫిల్టర్ పూర్తిగా అయిపోయింది. అది కడిగితే పనికిరాదు, కొత్తది వేయాల్సిందే. జిడ్డు పట్టే లోహపు జాలీ మాత్రం వేడినీళ్లలో డిష్ సోప్, బేకింగ్ సోడా కలిపి 20 నిమిషాలు నానబెడితే శుభ్రపడుతుంది.

రెండోది, అలారం అయొనైజేషన్ రకం (కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థంతో పొగను పసిగట్టేది, వెనక దాని పేరు అమెరీసియం-241 అని ఉంటుంది), పైగా స్టవ్ దగ్గరే ఉంది. వంట పొగకు ఇవి ఊరికే మోగుతాయి. ఓనర్ ఫోటోఎలక్ట్రిక్‌ది (కాంతితో పొగను పసిగట్టే రకం) తెచ్చి 10 అడుగుల అవతల పెట్టించాడు. బ్యాటరీ తీసెయ్యమన్న సలహా మాత్రం ఎవరూ పాటించొద్దు, ప్రమాదం.

రూమ్మేట్ అసలు బాధ వంట కాదు, తన కోటుకు పట్టే ఇంగువ వాసన! అందుకే ఇద్దరం కొన్ని రూల్స్ పెట్టుకున్నాం: పోపు పెట్టే ముందు మెసేజ్, బెడ్‌రూమ్ తలుపులు మూయడం, కిటికీలో ఫ్యాన్ గాలి బయటికి పోయేలా తిప్పడం, రాత్రి 9 తర్వాత వేపుళ్లు బంద్. ఇవి రాసి ఫ్రిజ్ మీద అంటించాం.

సెంటు కొవ్వొత్తులు, నూనె మార్చడం దేనికీ పనికిరాలేదు.