జీడిపప్పు గ్రేడింగ్ కోసం ఆర్720 సర్వర్‌లో పీ40 పెట్టాను, వీఎమ్‌లో కార్డు కనిపిస్తోంది గానీ టెన్సర్‌ఫ్లో లేవట్లేదు

కాశీబుగ్గ_రిపేరు

నమస్కారమండీ. కాశీబుగ్గలో కంప్యూటర్ రిపేరు షాపు నాది. ల్యాప్‌టాప్ కీబోర్డులు మార్చడం, ప్రింటర్లు బాగుచెయ్యడం మన పని. సర్వర్లు మన లైను కాదు. ఇందులోకి ఎలా దిగానో చెప్తే గానీ సమస్య అర్థం కాదు, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా మావయ్యది చిన్న జీడి ఫ్యాక్టరీ. గ్రేడింగ్ బల్ల దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని 210, 240, 320 గుళ్ళు, బద్ద, ముక్క, మాడినవి అని చేత్తోనే వేరు చేస్తారు. తెలియనివాళ్ళ కోసం: 320 అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులు తూగుతాయని. సీజన్లో మనుషులు దొరకట్లేదు, ఫోటో చూసి గ్రేడు చెప్పే ప్రోగ్రాం రాయగలవేట్రా అన్నాడు మావయ్య. రాత్రిళ్ళు వీడియోలు చూసి కెరాస్‌లో (టెన్సర్‌ఫ్లోతో వచ్చే లైబ్రరీ) మొబైల్‌నెట్ అనే ఫోటోలు గుర్తుపట్టే చిన్న మోడల్‌కి ట్రైనింగ్ ఇవ్వడం నేర్చుకున్నాను. నీలం ట్రేలో ఒక్కో పప్పు పెట్టి ఫోన్‌తో 6,200 ఫోటోలు తీశాం. నా ల్యాప్‌టాప్‌లో వేస్తే తెల్లారుతోంది గానీ ట్రైనింగ్ అవట్లేదు.

అప్పుడు విశాఖలో పాత సామాను డీలర్ దగ్గర డెల్ ఆర్720 దొరికింది. ఇంటెల్ ఈ5-2650 వీ2 ప్రాసెసర్లు రెండు, 64 జీబీ డీడీఆర్3, 1100 వాట్ల పవర్ సప్లైలు రెండు. ఇంకోచోట ఎన్విడియా టెస్లా పీ40 గ్రాఫిక్స్ కార్డు, 24 జీబీ. ఎంతకి కొన్నానో అడక్కండి, నవ్వుతారు. డీలర్ కార్డుకని ఇచ్చిన పవర్ వైరు సాకెట్లో దూరలేదు. బ్లేడు తీసుకుని ప్లాస్టిక్ కాస్త చెక్కుదామనుకుని, ఎందుకో భయమేసి ఆగి, సరైన వైరు తెప్పించాను.

వీఎమ్‌లు (ఒకే మెషీన్‌లో విడివిడిగా నడిచే వర్చువల్ కంప్యూటర్లు) ఎందుకంటే, ఈ ఒక్క డబ్బాతోనే మూడు పనులు కావాలి మావయ్యకి. విండోస్‌లో టాలీ, కెమెరాల రికార్డింగు, నా ట్రైనింగు. వీఎమ్‌లు నడిపే ప్రాక్స్‌మాక్స్ 8 వేశాను. బయాస్‌లో వీటీ-డీ (కార్డుని నేరుగా వీఎమ్‌కి ఇవ్వడానికి కావలసింది) ఆన్ చేశాను, 4 జీబీ పైన మెమరీ మ్యాపింగ్ కూడా ఆన్ చేశాను. హోస్ట్‌లో, అంటే అసలు సర్వర్‌లో, కార్డుని పట్టుకునే నూవో డ్రైవర్ ఆపి, దాన్ని వీఎమ్‌కి అందించే వీఎఫ్‌ఐఓకి అప్పజెప్పాను. వీఎమ్‌కి మెషీన్ రకం క్యూ35, బయాస్ ఓవీఎమ్ఎఫ్. లోపల ఉబుంటు 24.04.

మొదట అన్నిటికన్నా కొత్త ఎన్విడియా డ్రైవర్ వేస్తే అసలు కార్డే లేదంది. కెర్నల్ లాగ్ తీసి చదివితే, ఈ కార్డుకి 580 లెగసీ డ్రైవర్ వాడుకో అని స్పష్టంగా రాసుంది. చదవకుండా రెండు రోజులు కొట్టుకున్నాను. 580 వేశాక 24 జీబీ కనిపించింది, షాపులో కేక వేశాను.

ఇప్పుడు సమస్యలు:

టెన్సర్‌ఫ్లో ఇంపోర్ట్ చేసిన మరుక్షణం 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, కోర్ డంప్డ్' అని పడిపోతోంది. ఏవీఎక్స్ (ప్రాసెసర్‌లో లెక్కలు వేగంగా చేసే ఆదేశాలు) లేని ప్రాసెసర్‌కి ఇలా వస్తుందంటున్నారు. మరి హోస్ట్‌లో చూస్తే ఏవీఎక్స్ ఉంది కదా!

రెండోది ఇంకా ఇబ్బంది. నా వీఎమ్ ఆన్ చేసిన కాసేపటికి టాలీ వీఎమ్ దానంతటదే చచ్చిపోతోంది. మొన్న నెలాఖరు. అకౌంట్సు రాసే ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. నా వీఎమ్‌కి 48 జీబీ, టాలీకి 12, కెమెరాలకి 8 ఇచ్చాను. బలూనింగ్ (వీఎమ్ వాడని మెమరీని హోస్ట్ వెనక్కి తీసుకునే ఏర్పాటు) పెట్టాను కాబట్టి సర్దుకుంటాయనుకున్నాను.

రింగ్‌రోడ్_2020

ఆ ఇనప్పెట్టె అమ్మేసి మామూలు పీసీలో ఆర్‌టీఎక్స్ 3060 కార్డు పెట్టుకో బ్రో. 12 జీబీ చాలు నీ పప్పులకి. కరెంటు మిగులుతుంది, చెవులూ మిగులుతాయి.

గంటస్తంభం_దగ్గర

పై ఆయన మాట పూర్తిగా తప్పు కాదు. మొబైల్‌నెట్‌కి 24 జీబీ ఎందుకూ అక్కర్లేదు. కానీ కొనేశారు, టాలీ కూడా దాంట్లోనే ఉంది, ఇంక అమ్మడం మాట ఎందుకు. పైగా ఆ 3060 తెచ్చి ఈ సర్వర్‌లోనే పెడదామన్నా, చాలా డెస్క్‌టాప్ కార్డులకి పవర్ సాకెట్ పైవైపు ఉంటుంది, ఇలాంటి సన్నటి 2యూ డబ్బా మూత పడదు.

నేను విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకుంటాను, ఇలాంటివి రెండు నడుపుతున్నాను. మీ మొదటి సమస్య అయిదు నిమిషాల పని. హోస్ట్‌లో ఏవీఎక్స్ ఉంది, నిజమే. వీఎమ్ లోపలికెళ్ళి చూశారా? ప్రాక్స్‌మాక్స్ 8లో కొత్త వీఎమ్ చేస్తే ప్రాసెసర్ రకం 'ఎక్స్86-64-వీ2-ఏఈఎస్' అని దానంతటదే పడుతుంది. ఆ రకంలో ఏవీఎక్స్ లేదు. అసలు ప్రాసెసర్ ఏదైనా సరే, వీఎమ్‌కి ఆ ముసుగే కనిపిస్తుంది. టెన్సర్‌ఫ్లో రెడీమేడ్ ప్యాకేజీలేమో 1.6 నుంచీ ఏవీఎక్స్ లేనిదే లేవవు. వీఎమ్ ఆపి, ప్రాసెసర్ రకం 'హోస్ట్' అని మార్చి, మళ్ళీ ఆన్ చెయ్యండి. లోపలి నుంచి రీస్టార్ట్ కొడితే సరిపోదు, పూర్తిగా ఆపాలి.

అలాగని 'ఎక్స్86-64-వీ3' అని పెట్టకండి. అది ఏవీఎక్స్2 అడుగుతుంది. ఏవీఎక్స్2 ఇంటెల్ హాస్వెల్ తరంతో వచ్చింది, సర్వర్లలో అంటే ఈ5 వీ3 నుంచి. మీ వీ2 ప్రాసెసర్‌కి లేదు, ఏం చేసినా రాదు. మున్ముందు ఏవీఎక్స్2 తప్పనిసరి అనే లైబ్రరీ ఏదైనా తగిలితే అక్కడ మాత్రం చేతులెత్తెయ్యాల్సిందే.

రెండోది. కార్డుని నేరుగా వీఎమ్‌కి ఇచ్చాక బలూనింగ్ అనేది పేరుకే. కార్డు హోస్ట్‌ని అడక్కుండా వీఎమ్ మెమరీలోకి నేరుగా రాస్తుంది కాబట్టి ఆ మెమరీ మొత్తాన్ని ఆన్ అయినప్పుడే కదలకుండా బిగించేస్తారు. అంటే మీ 48 మొదటి నిమిషంలోనే పోయింది. 48, 12, 8 కలిపితే 68. ఉన్నది 64. హోస్ట్‌కి ఊపిరాడక ఎవర్నో ఒకర్ని చంపాలి, టాలీ దొరికింది. మీ వీఎమ్‌ని 24కి దించండి, బలూనింగ్ టిక్కు తీసెయ్యండి.

ఆ వైరు చెక్కకుండా ఆగారు చూడండి, ఆ రోజు ఎవరి మొహం చూసి లేచారో గానీ అదృష్టవంతులు. పీ40కి కావలసింది గ్రాఫిక్స్ కార్డు 8 పిన్ను కాదు, మదర్‌బోర్డులో ప్రాసెసర్‌కి ఇచ్చే రకం 8 పిన్ను. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ ఒకదాంట్లో 12 వోల్టులున్న వైపు రెండోదాంట్లో గ్రౌండు ఉంటుంది. చెక్కి దూర్చుంటే షార్టే.

కాశీబుగ్గ_రిపేరు

గురువుగారూ, 'హోస్ట్' అని మార్చగానే లేచింది! టాలీ కూడా నిన్నట్నుంచి పడలేదు. అకౌంట్సాయన టీ ఇప్పించాడు.

కానీ ట్రైనింగ్ మొదలెట్టిన ఆరేడు నిమిషాలకి కార్డు 91 డిగ్రీలు చూపించింది, స్పీడు పడిపోయింది. ఈ కార్డుకి సొంత ఫ్యాన్ లేదు కదా, సర్వర్ ఫ్యాన్లేమో తమకేం పట్టనట్టు మెల్లగా తిరుగుతున్నాయి. అవి అలా తిరగడానికి కారణం నేనే: మోత భరించలేక ఐడ్రాక్‌లో (సర్వర్‌ని దూరం నుంచి నడిపే డెల్ కంట్రోలర్) ఫ్యాన్లని మాన్యువల్‌లో 20 శాతానికి పెట్టాను. పెంచుదామంటే ఆఫీసులో ఫోన్ మాట్లాడలేకపోతున్నారు. సర్వర్ ఉన్న గది గోడకి అవతల బోర్మా ఉంది, పప్పు ఆరబెట్టే వేడంతా గోడలోంచి వస్తోంది.

ఇంకోటి, ఒక ఎపాక్‌కి (ఫోటోలన్నిటినీ ఒకసారి చూడ్డానికి) 12 నిమిషాలు పడుతోంది. 24 జీబీ కార్డుకి ఇదేం స్పీడండీ?

ఆమదాలవలస_జంక్షన్

బోర్మా పక్కన సర్వర్ పెట్టినవాణ్ణి మొదటిసారి చూస్తున్నాను. ముందు దాన్ని గది మార్చండి.

ఫ్యాన్ల సంగతి. మాన్యువల్‌లో ఒక అంకె పెట్టి వదిలెయ్యడం ప్రమాదం, కార్డు వేడెక్కినా ఆ అంకె మారదు. మీకున్న చిక్కు ఏంటంటే, కార్డు వీఎమ్‌లోకి వెళ్ళిపోయాక దాని వేడి ఎంతో హోస్ట్‌కి తెలియదు. డ్రైవర్ ఉన్నది వీఎమ్‌లో. ఫ్యాన్లు ఉన్నది ఐడ్రాక్ చేతిలో. కాబట్టి వీఎమ్ నుంచే చెప్పించాలి. నేను చేసింది ఇది: వీఎమ్‌లో చిన్న స్క్రిప్టు, పది సెకన్లకోసారి వేడి చదివి ఐపీఎమ్ఐటూల్ అనే కమాండ్‌తో నెట్‌వర్క్ మీదుగా ఐడ్రాక్‌కి చెప్తుంది. 55 లోపు ఉంటే 20 శాతం, 70కి 40, 80 దాటితే 70 శాతం. మీ మోడల్లో ఉన్న ఐడ్రాక్7 ఈ ఆదేశాలు వింటుంది. తర్వాతి తరాల ఐడ్రాక్9లో కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే వినదు.

అసలు జాగ్రత్త ఇక్కడ. వీఎమ్ హ్యాంగ్ అయితే? స్క్రిప్టు ఆగిపోతుంది, ఫ్యాన్లు 20 దగ్గరే ఉండిపోతాయి, కార్డు కాలుతూ ఉంటుంది. నాకొకసారి అయింది. రాత్రి వదిలేసి పొద్దున్నే మూత తీస్తే చెయ్యి పెట్టలేనంత వేడి. అప్పట్నుంచి హోస్ట్‌లో రెండో స్క్రిప్టు పెట్టాను. వీఎమ్ నుంచి నిమిషం పాటు కబురు రాకపోతే అది ఫ్యాన్లని తిరిగి ఆటోమేటిక్‌కి మార్చేస్తుంది. మోత వస్తే రానీ.

కార్డు లాగే వాట్లని కూడా తగ్గించండి. 250 వాట్ల కార్డు ఇది. వీఎమ్‌లో ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐతో 180 దగ్గర పరిమితి పెడితే వేడి బాగా తగ్గుతుంది, పని అంతగా తగ్గదు. జూపిటర్ నోట్‌బుక్ (ట్రైనింగ్ కోడ్ నడిపే పేజీ) తెరిచే ఉంచి ఇంటికెళ్ళిపోయే అలవాటుంటే మానుకోండి. టెన్సర్‌ఫ్లో కార్డు మెమరీ దాదాపు మొత్తం పట్టుకుని కూర్చుంటుంది, మెమరీ ఖాళీ చెయ్యకపోతే పీ40 ఏ పనీ చెయ్యకుండానే 50 వాట్ల దాకా లాగుతుంది.

మీ యూపీఎస్ ఎంత? మామూలు 600 వీఏ అయితే ట్రైనింగ్ మధ్యలో కరెంటు పోయిన క్షణమే కుయ్ మని ఆగిపోతుంది. మనవైపు తుపాన్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు, 2018లో తిత్లీ తీరం దాటింది మీ పలాస దగ్గరే కదా.

గంటస్తంభం_దగ్గర

12 నిమిషాల సంగతి. ట్రైనింగ్ నడుస్తుండగా కార్డు వాడకం ఎంత శాతం ఉందో చూడండి. పదో పదిహేనో ఉంటే తప్పు కార్డుది కాదు. ఫోన్ ఫోటో అంటే 4000 అడ్డం, 3000 నిలువు. మొబైల్‌నెట్‌కి కావలసింది 224 బై 224. ప్రతి ఎపాక్‌లోనూ 6,200 పెద్ద ఫోటోలు విప్పి కుదిస్తోంది మీ 2013 నాటి ప్రాసెసర్. ఆ లోడర్ మీరే రాసుంటే ఒక్కొక్కటిగా చేస్తూ ఉండొచ్చు. ఒక్కసారి అన్నిటినీ కుదించి వేరే ఫోల్డర్లో దాచి, అక్కణ్ణుంచి చదివించండి.

వీడియోలు చూసి మిక్స్‌డ్ ప్రెసిషన్ (లెక్కలు ఎక్కువగా 16 బిట్లలో చెయ్యడం) ఆన్ చేసుంటే తీసెయ్యండి. పీ40లో 16 బిట్ల లెక్క 32 బిట్లతో పోలిస్తే 64లో ఒక వంతు స్పీడే. కెరాస్ కూడా మొదట్లో ఒక హెచ్చరిక పెడుతుంది, కంప్యూట్ కేపబిలిటీ (కార్డు తరం చెప్పే అంకె) 7.0 లోపు కార్డులకి ఇది నెమ్మదిగా ఉండొచ్చని. మీది 6.1.

రాజాం_రాత్రిబడి

పనిలో పని. ఈ థ్రెడ్ చదివి ఇంకో కంపెనీ 2012 నాటి సర్వర్ కొనబోయేవాళ్ళకి: నా దాంట్లో వీటీ-డీ ఉంది, అన్నీ చేశాను, వీఎమ్ ఆన్ చేస్తే ఆర్‌ఎమ్‌ఆర్‌ఆర్ వల్ల ఈ డివైస్ ఇవ్వడం కుదరదని కెర్నల్ మొండికేసింది. బయాస్ ఆ కార్డుకి కొంత మెమరీ ముందే రిజర్వ్ చేసి పెట్టుకుంటుంది, దాన్ని వీఎమ్‌కి అప్పగించడం క్షేమం కాదని లైనక్స్ అడ్డుపడుతుంది. స్లాటు వారీగా ఆ రిజర్వేషన్ తీసేశాక గానీ కదల్లేదు. కొనేముందు మోడల్ పేరుతో పాటు ఆ నాలుగక్షరాలు కలిపి వెతకండి.

కాశీబుగ్గ_రిపేరు

వారం తర్వాత వచ్చాను, క్షమించాలి.

సర్వర్ ఇప్పుడు బోర్మా పక్కన లేదు, గోనెసంచుల గదిలో ఉంది. స్క్రిప్టులు రెండూ పెట్టాను, కార్డు 180 వాట్ల దగ్గర కట్టేశాను, 74 దాటట్లేదు. కార్డు వాడకం చూస్తే 9 శాతం! ఫోటోలు కుదించాక ఎపాక్ నిమిషం లోపే అయిపోతోంది. అంటే ఇన్నాళ్ళూ కార్డు నిద్రపోతూ ఉంది. ఊరికే ఆన్‌లో ఉంటే సర్వర్ మొత్తం 180 వాట్లు తింటున్నట్టు ఐడ్రాక్ చెప్తోంది, నెలకి 130 యూనిట్లు. మావయ్యకి ఇంకా చెప్పలేదు.

మోడల్ సంగతి. బద్ద, ముక్క, మాడినవి బాగానే పడుతోంది. 240, 320 మాత్రం కళ్ళు మూసుకుని చెప్పినట్టు చెప్తోంది. గ్రేడింగ్ బల్ల దగ్గర పాతికేళ్ళుగా చేస్తున్న పెద్దమ్మకి ల్యాప్‌టాప్‌లో చూపించాను. ఆవిడ తెర వంక చూడనేలేదు, ట్రేలోంచి రెండు పప్పులు తీసి అరచేతిలో ఎగరేసి, "ఇది రెండొందల నలభై, ఇది మూడొందల ఇరవై. నీ ఫోటోలో ఏది పెద్దదో ఏటి తెలుస్తాది బాబూ, ఒకటి దగ్గర్నుంచి తీసినావు, ఒకటి దూరాన్నుంచి తీసినావు" అంది.

నిజమే. ఫోన్ చేత్తో పట్టుకునే తీశాం అన్నీ. పైగా అన్నిటినీ 224కి కుదించేశాను, సైజు అన్నదే మిగల్లేదు. ఇంత కార్డు, ఇంత సర్వర్, ఇన్ని రాత్రులు, కావలసిందేమో ఫోన్ కదలకుండా ఒకే ఎత్తులో పట్టుకునే స్టాండు.

వెల్డింగ్ షాపులో ఇచ్చాను, ట్రే నుంచి ముప్పై సెంటీమీటర్ల ఎత్తు. సోమవారం నుంచి మళ్ళీ మొదటి ఫోటో.