మీట నొక్కితే మీటినట్టేనా?

ప్రశ్న:
లవీనియా ఫొంటానా అని ఇటలీ చిత్రకారిణి, ఊరు బొలోన్యా. 1577లో తన బొమ్మ తనే వేసుకుంది. స్పినెట్ ముందు కూర్చుని ఉంటుంది, అంటే పియానోలా మీటలు నొక్కి వాయించే పాతకాలపు తీగల వాద్యం. వెనక పనిమనిషి సంగీతం పుస్తకం పట్టుకుని నిలబడుతుంది, ఇంకా వెనక కిటికీ దగ్గర బొమ్మలు వేసుకునే స్టాండు. బొమ్మ ఇప్పుడు రోములో సాన్ లూకా అకాడమీలో ఉంది. దీని మీద నా వ్యాసానికి తెలుగులో శీర్షిక కావాలి. మొదట "పియానో వాయిస్తున్న" అని రాసి కొట్టేశాను, పియానో పుట్టిందే 1700 ప్రాంతంలో. "స్పినెట్ మీటుతున్న లవీనియా" అంటే తప్పా? మీటడం వీణకే చెల్లుతుందని మా ఇంట్లో వాదన.

జవాబు:
తప్పేనండీ. మీటాలంటే వేలో గోరో తీగకు తగలాలి. హార్మోనియం మీటాడు అంటామా? వాయించాడు అంటాం.

జవాబు:
హార్మోనియంతో పోలిక కుదరదు, దాంట్లో అసలు తీగే లేదు. గాలికి రేకులు మోగుతాయి, అంతే. స్పినెట్ లోపల తీగలుంటాయి. మీట ఈ కొస నొక్కితే ఆ కొస మీద నిలబెట్టిన సన్నటి చెక్కపుల్ల పైకి లేస్తుంది. ఆ పుల్లకు పక్షి ఈక కాడతో చేసిన చిన్న ముల్లు ఉంటుంది. అది తీగను మీటుతుంది, అచ్చంగా గోటితో మీటినట్టే. పియానోలో అయితే సుత్తి వచ్చి కొడుతుంది. అందుకే పియానో గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది, స్పినెట్ ఎంత బలంగా నొక్కినా దాదాపు అంతే పలుకుతుంది. మీట నొక్కితే ఈక మీటుతుంది: మన మాటకు ఇంత చక్కగా అమరే వాద్యం ఇంకోటి ఉందా! అన్నట్టు, వ్యాసంలో ఈ మీటలను "మెట్లు" అనకండి. వీణ మెట్లు 24 గుర్తొచ్చి చదివేవాళ్లు తికమక పడతారు.

జవాబు:
బాగుంది గానీ, ఇదే బొమ్మలోని వాద్యాన్ని కొందరు క్లావికార్డ్ (అదీ మీటలున్న తీగ వాద్యమే) అని కూడా రాశారు. అందులో ఈక ఉండదు. ఇత్తడి రేకు కింది నుంచి వచ్చి తీగను తాకి, వేలు తీసేదాకా అంటుకునే ఉంటుంది. అప్పుడు మీ మీటడం ఏమైనట్టు?

ప్రశ్న అడిగినవారు:
సరే, శీర్షికలో "వాయిస్తున్న" అనే పెడతాను. ఈక సంగతి లోపల రాస్తాను. ఇంకో చిక్కు. బొమ్మ మీద లాటిన్‌లో రాత ఉంది: ప్రొస్పెరో ఫొంటానా కూతురు, "విర్గో" లవీనియా, అద్దంలో చూసి తన ముఖాన్ని చిత్రించింది అని. పెళ్లికి ముందు కాబోయే అత్తవారి కోసం వేసిందంటారు. "విర్గో"ను కన్య అనాలా, అవివాహిత అనాలా?

జవాబు:
అవివాహిత అంటే రేషన్ కార్డు దరఖాస్తులా ఉందండీ. అత్తవారింటికి వెళ్లే బొమ్మ కదా, కన్య అనే ఉంచండి. కన్యాదానం అన్నప్పుడు ఎవరు ఇంత తర్కిస్తున్నారు?