దీపావళికి కుక్కకు మత్తు బిళ్ళ వేయడం సబబేనా?

రూబీ వాళ్ళమ్మ:
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పండగకు ముందే గొడవ మొదలైంది. బాంబులు సెల్లార్ దగ్గర కాకుండా వెనక ఖాళీ స్థలంలో కాల్చుకుందామని అడిగాను. "మీ కుక్కకు సాయంత్రం ఒక మత్తు బిళ్ళ వేసేయండి, పిల్లల పండగ ఎందుకు పాడుచేస్తారు" అన్నారు ఒకాయన. ఆయన మాటకే లైకులు ఎక్కువ వచ్చాయి. నిరుడు రూబీ బాత్రూమ్‌లో బకెట్ వెనక నక్కి రాత్రంతా వణికింది. మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్ళు కూడా ముట్టలేదు. బిళ్ళ వేస్తే నిజంగా దాని భయం పోతుందా?

ఇద్దరు పిల్లల నాన్న:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ మా పిల్లలు ఏడాదంతా ఈ ఒక్క రాత్రి కోసం ఎదురుచూస్తారు. మా ఊళ్ళో నాన్న మతాబులు ఎండలో ఆరబెట్టి మా చేతికిచ్చేవారు. ఆ సరదా వీళ్ళకీ దక్కాలని నా ఆశ. 2018లో సుప్రీంకోర్టే దీపావళి రాత్రి 8 నుంచి 10 దాకా కాల్చుకోవచ్చని చెప్పింది. ఆ రెండు గంటలకు బిళ్ళ వేసి లోపలి గదిలో పడుకోబెడితే తప్పేముంది?

హనుమకొండ వెట్:
ఏ బిళ్ళ అన్నదాన్ని బట్టి ఉంటుందండీ. చాలాచోట్ల వాడే ఏసీప్రోమజైన్ ఒంటిని మాత్రమే పడగొడుతుంది. చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, భయమూ తగ్గదు, లేచి దాక్కుందామంటే కాళ్ళు సహకరించవు. చూసేవాళ్ళు మాత్రం హాయిగా నిద్రపోతోందనుకుంటారు. అందుకే బాంబుల భయానికి అదొక్కటే వాడొద్దని చెబుతాం. భయాన్ని తగ్గించే మందులు వేరే ఉన్నాయి. ట్రాజోడోన్, గాబాపెంటిన్ అలాంటివే. బరువు, వయసు, గుండె, లివర్ చూసి డోసు రాయాలి. కొన్ని కుక్కలు మందు పడక ఇంకా చిరాకు పడతాయి కాబట్టి పండగకు వారం ముందే ఒకసారి వేసి చూడాలి. మనుషుల సిరప్ ఇంట్లో ఉంది కదా అని పోయకండి. కొన్నిట్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కకు విషం.

ఇక చోటు గురించి. పేలిన చోటి నుంచి 4 మీటర్ల దూరంలో శబ్దం 125 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. సెల్లార్ గోడల మధ్య అదే చప్పుడు మోగి మోగి వస్తుంది. సన్నటి కీచు శబ్దాలు మనకు 20 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకు దాదాపు 45 వేల దాకా వినిపిస్తుంది. రూబీ వాళ్ళమ్మ అడిగింది న్యాయమే.

టామీ ఇంటి నుంచి:
బాంబులొక్కటే కాదక్కా. నిరుడు మా టామీ పూజ దగ్గరి లడ్డూలు తినేసింది. అందులోని కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుందని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియదు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. స్వీట్లు పైఅరలో పెట్టండి, బెదిరి పారిపోతే దొరికేలా కుక్క మెడ బెల్టుకు ఫోన్ నంబరు కట్టండి.

ఇద్దరు పిల్లల నాన్న:
డాక్టర్ గారూ, మత్తు బిళ్ళ అలా పనిచేస్తుందని నాకు తెలియదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ వెనక స్థలానికి ఇంకా ఒప్పుకోలేను. అక్కడ మోకాలెత్తు ఎండుగడ్డి ఉంది, లైటు లేదు. నిప్పురవ్వ పడితే పిల్లలకు ప్రమాదం. చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు గేటు ముందే కాల్చనివ్వండి. గడ్డి కోయిస్తే పేలేవి వెనక్కి తీసుకెళ్తాం.

రూబీ వాళ్ళమ్మ:
గడ్డి కోయించే ఖర్చు నాది, లైటు కూడా పెట్టిస్తాను. ఎనిమిది కాకముందే రూబీని బయట తిప్పి తెచ్చేస్తాను. నిరుడు మాత్రం పన్నెండున్నరకు థౌజండ్‌వాలా అంటించారు. పది దాటాక ఆపే బాధ్యత ఎవరిదో గ్రూపులో మీరే అడగండన్నా. నేను అడిగితే కుక్క గొడవేనంటారు.